సర్క్యూట్ బోర్డులో సీసం ఎందుకు వద్దు? ఎలా తీసేస్తారు?
సర్క్యూట్ బోర్డు మీద భాగాలను అతికించే టంకం ఒకప్పుడు తగరం, సీసాల మిశ్రమం. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగేది. కానీ సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దాని బదులు తగరంలో కాస్త వెండి, రాగి కలిపితే కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి. ఆ వేడిని బోర్డు, కెపాసిటర్లు, ప్లాస్టిక్ భాగాలు తట్టుకోవాలి కదా! అందుకే ఈ మార్పు చివర్లో చేస్తే కుదరదు. డిజైన్ గీసేటప్పుడే తగిన భాగాలను ఎంచుకోవాలి.

చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో, ఒక్కో పదార్థం బరువులో సీసం 0.1 శాతం మించకూడదన్న నియమం యూరప్‌లో 2006లో, భారత్‌లో 2014లో అమలైంది. వస్తువుల్లో సీసం ఈ పరిమితిలో ఉందో లేదో పరీక్షించే ప్రయోగశాల ఒకటి హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉంది. పాత బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతులను కూడా ఆ సంస్థ రూపొందించింది.

డిజైన్ గీసేటప్పుడే ఆలోచించాల్సిన మరో విషయం బిగింపు. బ్యాటరీని జిగురుతో కాక మరలతో బిగిస్తే, రాజమహేంద్రవరంలోని మామూలు రిపేరు షాపులో కూడా దాన్ని తేలిగ్గా మార్చవచ్చు.