పాత పికప్పు స్టీరింగు బిగుసుకుంటోందా? బాక్సు మార్చకముందే లోపం కనిపెట్టండి

పంట చేతికి వచ్చే రోజులలో రైతు ఇంటి పికప్పుకు తీరిక ఉండదు. తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలు చేరాలి. ఎండ ముదరకముందే గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు చేరాలి. సరిగ్గా అటువంటి వేళ స్టీరింగు చక్రం రోజూ కంటె బరువుగా తిరుగుతున్నదని మీ చేతులకు తెలుస్తుంది. పాత బండి కదా అని మీరు సర్దుకుంటారు. సీజను ముగిశాక షెడ్డుకు తీసుకువెళితే, "స్టీరింగు బాక్సు పోయింది, మార్చాలి" అన్న మాట వినబడుతుంది. వాయిదా కోసం దాచిన సొమ్ము బాక్సుకు ఖర్చవుతుంది. బాక్సు మారిన తరువాత కూడా బరువు తగ్గకపోతే, సొమ్మూ పోయింది, లోపమూ మిగిలింది అన్నమాట.

స్టీరింగు బరువెక్కడం జ్వరం వంటిది. అది రోగ లక్షణమే గాని రోగం పేరు కాదు. మీ చేతిలోని చక్రం మొదలు నేలను తాకే టైరు వరకు ఒక గొలుసు ఉన్నది: కాలమ్, స్టీరింగు బాక్సు, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్, కింగ్ పిన్నులు, టైర్లు. ఈ గొలుసులో ఏ లంకె పట్టుకున్నా మీ చేతికి తెలిసేది ఒకే బరువు. కనుక గొలుసును వరుసగా విడదీసి చూడాలి. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. గాలి గేజి, జాకీ, రెండు గట్టి స్టాండ్లు, మెకానిక్కు వద్ద ఉండే మామూలు పనిముట్లు చాలు.

బరువు వేరు, బిగుసుకోవడం వేరు

ముందుగా మీ బండి బాధ ఏ తరహాదో గుర్తించండి. చక్రం ఈ చివరి నుండి ఆ చివరి వరకు ఒకే తీరుగా బరువుగా ఉన్నదా? లేక ఒక్కొక్క చోట మాత్రమే పట్టుకుని వదులుతున్నదా? మలుపు తిరిగిన తరువాత చక్రం తనంతట తాను నిటారు స్థితికి తిరిగి వస్తున్నదా? ఖాళీ మైదానంలో, నడక వేగంతో, చేతులు చక్రం మీద ఉంచే పట్టు మాత్రం సడలించి ఈ సంగతి గమనించవచ్చు.

ఒకే తీరు బరువుకు టైర్లలో గాలి తగ్గడం, గ్రీజు లేకపోవడం తరచుగా కారణాలవుతాయి. ఒక చోట పట్టుకోవడం, తిరిగి రాకపోవడం ఇంకా తీవ్రమైన లక్షణాలు. మలుపులో బిగిసిన చక్రం ఎదుటి బండికి దారి ఇవ్వవలసిన క్షణంలో మీ మాట వినకపోవచ్చు. అటువంటి బండిని మరమ్మతు అయ్యేవరకు సరకుతో రోడ్డు ఎక్కించకండి. ఒక రోజు కిరాయి పోవడం నష్టమే, కాని మనిషి ప్రాణంతో దానిని పోల్చలేము.

బాధ ఎప్పుడు మొదలైనదో కూడా జ్ఞాపకం చేసుకోండి. వెడల్పు టైర్లు వేయించిన తరువాతనా? ముందు భాగానికి దెబ్బ తగిలి, రేకు పని చేయించిన తరువాతనా? యోగ్యతా పత్రం కోసం షెడ్డులో బిగింపులు చేయించిన తరువాతనా? వానకాలమంతా కదలకుండా నిలిపి ఉంచిన తరువాతనా? సగం సమాధానం ఇక్కడే దొరకడం కద్దు.

మొదటి పరీక్ష: నేల మీద

ఉదయం, బండి నడపకముందు, ముందు టైర్ల గాలి కొలవండి. వేడెక్కిన టైరులో కొలత ఎక్కువగా చూపుతుంది. బండి పుస్తకంలో చెప్పిన కొలతకు గాలి నింపి, మరల చక్రం తిప్పి చూడండి. ఖర్చు లేని ఈ పనితోనే బరువు తీరిపోయిన బండ్లు ఎన్నో ఉంటాయి.

తరువాత చక్రాన్ని రెండు చివరలకూ పూర్తిగా తిప్పించి, టైరు ఎక్కడైనా లీఫ్ స్ప్రింగుకు గాని, చాసిస్‌కు గాని రాసుకుంటున్నదేమో చూడండి. బ్రేకు హోసు పట్టి లాగుతున్నదేమో చూడండి. టైరు ఒక పక్కనే అరిగి ఉంటే అలైన్‌మెంటు తప్పినట్లు అనుమానించాలి.

రెండవ పరీక్ష: చక్రాలు లేపి

బండిని సమతలమైన గట్టి నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. ముందు ఇరుసును జాకీతో లేపి, స్టాండ్ల మీద ఆనించండి. కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందకు ఎవరినీ పోనివ్వకండి. స్టీరింగు తాళం పడకుండా తాళంచెవి తిప్పి ఉంచండి. ఇప్పుడు చక్రాన్ని నెమ్మదిగా ఈ చివరి నుండి ఆ చివరికి తిప్పండి.

గాలిలో తేలికగా తిరిగి, నేల మీద మాత్రమే బరువుగా ఉన్నట్లయితే బాక్సును అనుమానించకండి. టైర్లు, అలైన్‌మెంటు, కింగ్ పిన్ను కింది థ్రస్ట్ బేరింగు, ఈ మూడింటినీ చూడాలి. థ్రస్ట్ బేరింగు బండి బరువును మోస్తూనే తిరగవలసిన భాగం. ఇరుసును లేపగానే దాని మీది బరువు తొలగిపోతుంది గనుక, అది అరిగినా తుప్పుపట్టినా గాలిలో బయటపడదు. ఈ సంగతి తెలియకనే మంచి బాక్సులు విప్పుతుంటారు.

గాలిలో కూడా బరువుగానే ఉంటే మూడవ పరీక్షకు పోవాలి.

మూడవ పరీక్ష: డ్రాగ్ లింక్ విడదీసి

ఈ పని అనుభవం గల మెకానిక్కు చేత చేయించి, మీరు పక్కన నిలబడి చూడండి. బాక్సు నుండి వచ్చే డ్రాప్ ఆర్మ్ వద్ద స్ప్లిట్ పిన్ తీసి, నట్టు విప్పి, పుల్లరుతో డ్రాగ్ లింక్‌ను వేరు చేయాలి. మరల నుంచి సుత్తితో కొడితే బాల్ జాయింటు పాడవుతుంది. ఇప్పుడు గొలుసు రెండు ముక్కలైనది.

ముందు చక్రాలను చేతులతో పట్టుకుని కుడి ఎడమలకు తిప్పండి. అవి బిగుసుకుని ఉంటే లోపం కింద ఉన్నది: కింగ్ పిన్నులు, వాటి బుష్‌లు, లేదా టై రాడ్ చివరల బాల్ జాయింట్లు. టై రాడ్‌ను కూడా ఒక పక్క విడదీస్తే, పట్టుకున్నది కుడి చక్రమా, ఎడమ చక్రమా తేలిపోతుంది. కింగ్ పిన్నులకు బదులు పైనా కిందా బాల్ జాయింట్లు గల బండ్లలో ఆ జాయింట్లను, ఐడ్లర్ ఆర్మ్ బుష్‌ను ఇదే తీరున చూడాలి.

చక్రాలు తేలికగా తిరిగితే, స్టీరింగు చక్రాన్ని తిప్పి చూడండి. లింకు లేనప్పుడు దానిని వేగంగా తిప్పి చివరలకు కొట్టనివ్వరాదు, లోపలి బంతుల గొట్టాలు దెబ్బతినగలవు. ఇక్కడ బరువు కనిపిస్తేనే లోపం బాక్సులోనో కాలమ్‌లోనో ఉన్నట్లు. కాలమ్‌ను బాక్సు నుండి విడదీస్తే ఆ రెండింటిలో ఏదో తెలుస్తుంది.

కాలమ్ విషయంలో రెండు గుర్తులు ఉపయోగపడతాయి. చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగేలోగా రెండుసార్లు బరువై రెండుసార్లు తేలికైతే, యూనివర్సల్ జాయింటు తుప్పుపట్టి బిగిసి ఉండవచ్చు. కాలమ్ బ్రాకెట్టు బోల్టులు కొంచెం వదులు చేయగానే చక్రం తేలికైతే, కాలమ్ వంకరగా లాగబడి ఉన్నట్లు. క్యాబిన్ కింది రబ్బర్లు కుంగినప్పుడు, ప్రమాదం తరువాత రేకు పని సరిగా జరగనప్పుడు ఇలా అవుతుంది. ఈ రెండింటికీ బాక్సుతో నిమిత్తం లేదు.

పరీక్ష ముగిశాక నట్టును సరైన బిగువుతో బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేయించండి. పాత పిన్నును వంచి మరల వాడనివ్వకండి. అది విరిగి నట్టు ఊడితే చక్రాలకూ మీ చేతికీ సంబంధం తెగిపోతుంది.

బాక్సు మీది స్క్రూతో జాగ్రత్త

పాత బండిలో స్టీరింగు చక్రం కొంత ఖాళీగా ఆడుతుంది. దీనినే మెకానిక్కులు 'ప్లే' అంటారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 98వ నియమం ప్రకారం ఈ ఆట స్టీరింగు చక్రం వద్ద 30 డిగ్రీలకు మించరాదు. 40 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం అంచు మీద ఇది సుమారు 10 సెంటీమీటర్లు. స్టీరింగు బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలనీ, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాకు చేసి ఉండాలనీ కూడా అదే నియమం చెబుతున్నది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి యోగ్యతా పత్రం ఏటేటా పొందవలసి ఉంటుంది గనుక, ఈ ఆట ప్రశ్న ఏటా ఎదురవుతుంది.

ఆ తనిఖీకి ముందు కొన్ని షెడ్లలో సులువైన దారి తొక్కుతారు. బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగిస్తారు. ఆట మాయమవుతుంది. కాని ఆ ఆట టై రాడ్ చివరలలోనో, డ్రాగ్ లింక్‌లోనో ఉంటే అది అక్కడే ఉన్నది. ఇంతవరకు బాగున్న బాక్సు మాత్రం మధ్యలో పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇక బాక్సే అరిగి ఉన్నట్లయితే, నిత్యం నిటారుగా నడవడం వలన పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్య ఆట పోయేటట్లు బిగిస్తే, అరగని పక్కల వద్ద పళ్లు ఒరుసుకుని మలుపులో చక్రం బిగుస్తుంది. అనగా తనిఖీ నెగ్గిన బండే మునుపటి కంటె ప్రమాదకరం కావచ్చు.

కనుక ముందు జాయింట్లు, బాక్సును చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు చూపించి, ఆ తరువాతనే స్క్రూ ముట్టుకోనివ్వండి. నియమం అనుమతించే హద్దులో ఉన్న ఆటను సున్నా చేయవలసిన పని లేదు. బాక్సులో బండి పుస్తకం చెప్పిన నూనె సరిపడా ఉన్నదో లేదో, కింది సీలు నుండి కారుతున్నదేమో కూడా చూడండి.

పవర్ స్టీరింగు ఉన్న బండి అయితే

ఇంజను ఆపి ఉన్నప్పుడు ఈ బండ్ల చక్రం సహజంగానే బరువుగా ఉంటుంది. ఇంజను నడుస్తుండగా బరువెక్కితే ముందుగా నూనె మట్టం, పంపు బెల్టు బిగువు చూడండి. పూర్తిగా తిప్పినప్పుడు కీచుమని అరిస్తే బెల్టు జారుతుండవచ్చు. నూనెలో నురగ ఉంటే గాలి చేరినట్లు. చక్రాన్ని చివరి వరకు తిప్పి కొన్ని సెకన్లకు మించి అలాగే పట్టి ఉంచరాదు, పంపు వేడెక్కుతుంది.

గ్రీజు: చౌకైన బీమా

వానలో, బురదలో తిరిగిన బండికి, నీటి ఒత్తిడితో కడిగిన బండికి కింగ్ పిన్నులలోని గ్రీజు కొట్టుకుపోతుంది. కడిగిన వెంటనే గ్రీజు వేయించండి. ఇరుసును లేపి, చక్రాలను అటూ ఇటూ తిప్పుతూ వేస్తేనే గ్రీజు థ్రస్ట్ బేరింగు లోనికి చేరుతుంది. పాత గ్రీజు బయటకు వచ్చేవరకు కొట్టాలి. నిపుల్ మూసుకుపోయి గ్రీజు ఎక్కకపోతే, "వేశాము" అన్న మాటతో సరిపెట్టుకోక నిపుల్ మార్పించండి.

రుణం తీసుకునేవారికి, డీలర్లకు

పాత బండి కొనడానికి రుణం కోరుతున్న మీరు, బేరం కుదరకముందే మొదటి రెండు పరీక్షలు చేయించండి. గంట సేపటి పని. జాకీ పెట్టనివ్వని అమ్మకందారు వద్ద బయానా ఇవ్వకండి. ఇప్పటికే బండి ఉన్నవారు, బాక్సు మార్చాలని షెడ్డులో చెప్పినప్పుడు ఏ పరీక్షలో ఏమి తేలిందో అడిగి, అంచనాను కాగితం మీద రాయించుకోండి. సాధారణ వాహన బీమాలో అరుగుదలకు, యాంత్రిక లోపాలకు పరిహారం ఉండదు గనుక ఈ ఖర్చు మీ చేతి నుండే పోతుంది. పెద్ద మరమ్మతు వలన వాయిదా తప్పే సూచన ఉంటే, గడువు దాటిన తరువాత కాక ముందుగానే శాఖకు వచ్చి బిల్లుతో సహా సంగతి తెలపండి.

డీలర్ సోదరులకు కూడా ఒక మనవి. ఆట కనబడకుండా స్క్రూ బిగించి అమ్మిన బండి మొదటి సీజనులోనే మీ గుమ్మం ముందుకు తిరిగి వస్తుంది, లేదా అసలు తిరిగి రాని స్థితికి చేరుతుంది. కొనుగోలుదారు ఎదుటనే ఇరుసు లేపి చక్రం తిప్పించండి. మార్చిన పాత భాగాన్ని అతని చేతికి ఇవ్వండి. ఆ బండి వాయిదాలు సక్రమంగా చెల్లితే, రెండవ బండికి కూడా అతడు మీ వద్దకే వస్తాడు.