గృహశకటముపై సౌరఫలకము – భద్రముగా అమర్చు విధానము

అమెరికాదేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొన్ని సెలవు దినములలో ఆర్.వి. యను వాహనమున దూరయాత్రలు చేయుచుండును. పడక, వంటయిల్లు, స్నానపు గది అమరిన చక్రముల యిల్లది. దానిని గృహశకటమని పిలుచుకొందము. విద్యుత్తు దొరకని చోట విడిది చేసినపుడు దీపములకును, నీటి పంపునకును, చరవాణికిని కావలసిన శక్తిని పైకప్పు మీది సౌరఫలకము సమకూర్చును. అట్టి యాత్రలు చేయు పాఠకమహాశయుల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇంటి మేడపై ఫలకమునకును, బండిపై ఫలకమునకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. ఇల్లు కదలదు, బండి కదలును. గాలి ఒత్తిడి వేగమునకు వర్గముగా పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున చదరపు మీటరుపై నేరుగా తగులు గాలి ఒత్తిడి సుమారు 47 కిలోల బరువునకు సమానము. అడుగున దూరిన గాలి ఫలకమును పైకెత్తజూచును. ఎదురుగా వచ్చు లారీ విసరు గాలి దానికి తోడగును. ఊడిన ఫలకము వెనుక వచ్చు కారు అద్దముపై పడినచో అందున్నవారికి ప్రాణాపాయము. మన సౌకర్యము పరులకు ముప్పు కారాదు గదా!

పిమ్మట పైకప్పును పరీక్షింపవలెను. పెక్కు బండ్లకు పలుచని ప్లైవుడ్డుపై ఇ.పి.డి.ఎం. అను రబ్బరు పొర గాని, టి.పి.ఓ. పొర గాని పరచియుందురు. కొన్నిటికి ఫైబర్ గ్లాసు, కొన్నిటికి అల్యూమినియము. ప్లైవుడ్డులో మాత్రమే దిగిన స్క్రూ కుదుపులకు వదులగును. కావున లోపలి అడ్డదూలము లెచట నున్నవో తయారీదారునుండి తెలిసికొని, వానిలోనికే స్క్రూలను దింపుట మేలు. రంధ్రము వేయు చోట లోపల తీగలు గాని, గొట్టములు గాని లేవని నిశ్చయించుకొనవలెను. కొందరు జిగురు టేపుతోనే ఫలకమును అంటింతురు. రబ్బరు పొరపై ఇది చాలదు. టేపు ఎంత గట్టిదైనను, ఆ పొర క్రింది చెక్కను పట్టుకొన్నంత బలమే దానికి లభించును.

బ్రాకెట్టు క్రింద బ్యూటైల్ టేపు వేసి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించి, స్క్రూ తలలపైనను అంచుల వెంబడిని ఆ పొరకు తగిన సీలెంటును నిండుగా పూయవలెను. సిలికాన్ పనికిరాదు. అది రబ్బరు పొరను గట్టిగా పట్టదు. పూసిన చోట తరువాత మరియొక సీలెంటును అంటనీయదు. ఇ.పి.డి.ఎం. పొరను పెట్రోలియము ద్రావకములతో తుడిచినచో అది ఉబ్బి చెడును. సన్నని సందునుండి దిగిన నీరు చెక్కను కుళ్ళించును. కుళ్ళిన చెక్కలో స్క్రూ నిలువదు. కావున నీటిని ఆపుటయు, ఫలకమును నిలుపుటయు వేర్వేరు పనులు కావు.

ఫలకము క్రింద రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ యుండవలెను. 25 డిగ్రీల వేడిమి దాటిన పిమ్మట ప్రతి డిగ్రీకి దాని శక్తి 0.3 నుండి 0.5 శాతము వరకు తగ్గును. ఏ.సి. పెట్టె నీడ పడని చోటు చూచుకొనవలెను. సూర్యునివైపు వాల్చుటకు ఎత్తు కాళ్ళున్నచో, బండి కదలకమునుపే దించి బిగింపవలెను.

ఎండలో నున్న ఫలకము విద్యుత్తును పుట్టించుచునే యుండును. కావున తీగలు కలుపునపుడు దానిపై మందపు దుప్పటి కప్పవలెను. ఛార్జ్ కంట్రోలరుకు ముందు బ్యాటరీని, పిదప ఫలకమును కలుపుట సాధారణ క్రమము. విప్పునపుడు ముందు ఫలకమును తీయవలెను. బ్యాటరీకి దగ్గరగా తగిన ఫ్యూజు లేనిచో, రాపిడికి తీగ తొడుగు చిరిగిన నాడు మంటలు పుట్టవచ్చును.

శాస్త్రములలో స్థూణానిఖనన న్యాయమని యొకటి కలదు. పాతిన గుంజను కదిపి చూచి, మరల దింపి గట్టిపరచుట దాని భావము. ఇచటను అదియే చేయవలెను. మొదటి ప్రయాణము ముగిసిన వెంటనే ప్రతి బ్రాకెట్టును చేతితో కదిపి చూచి, వదులైనదానిని బిగింపుడు. పిదప ప్రతి ఆరు మాసములకును, దూరప్రయాణమునకు ముందును స్క్రూలను, సీలెంటు పగుళ్ళను పరీక్షింపుడు. వయసు మళ్ళినవారు నిచ్చెన నెక్కక, ఆ పనిని తెలిసినవారికి అప్పగించి, క్రిందనుండి చేయించుకొనుట క్షేమము.