తిరిగిరాని కాటలినాలు

1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి వచ్చిపడింది. శత్రు నౌకల జాడ తెలియాలంటే విమానంలో వెళ్లి కళ్లతో వెతకడమే అప్పట్లో ప్రధాన దారి. సింహళంలో (నేటి శ్రీలంక) ఆ పని కాటలినాలది. నీటి మీద వాలి, నీటి మీది నుంచే లేచే ఈ విమానాలు గంటకు 200 కిలోమీటర్ల లోపు వేగంతో తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా సముద్రాన్ని గాలించేవి.

చరిత్ర గుర్తుపెట్టుకున్నది ఈ విమానాల పైలట్లను. మెకానిక్ సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. కాటలినా రెక్కకూ పొట్టకూ మధ్య ఇరుకైన స్తంభం లాంటి గది ఉంటుంది. ఫ్లైట్ ఇంజనీర్ అని పిలిచే ఆ మెకానిక్ చోటు అదే. పెట్రోలు ఎంత మిగిలిందో తెలిపే గాజు గొట్టాలు అతని ఎదుటే ఉంటాయి. ఇంజన్లకు గాలి, పెట్రోలు పాళ్లు సరిచూడటం, అవి వేడెక్కకుండా కాచుకోవడం అతని పని. రెక్కల చివర నీటి మీద తేలే ఫ్లోట్లను పైకెత్తేదీ దించేదీ అతనే. ఇంజన్ రొదలో గంటల తరబడి అలా కూర్చునేది ఎక్కువగా ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న కుర్రాళ్లే. నీటి మీద లంగరేసి ఉన్నప్పుడు ఇంజన్ బాగుచేయాలంటే రెక్క అంచు నుంచి తెరుచుకునే చిన్న పలకల మీద నిలబడాలి. చేయి జారిన పానా నేరుగా నీళ్లలోకే.

ఏప్రిల్ 4న గాలె దగ్గరి కొగ్గల సరస్సు నుంచి కెనడా వాయుసేన 413వ స్క్వాడ్రన్ కాటలినా ఒకటి లేచింది. పైలట్ లియోనార్డ్ బర్చల్. సాయంత్రం వేళ సింహళానికి ఆగ్నేయంగా జపాను అడ్మిరల్ నగూమో నౌకలు కనిపించాయి. అవేమిటో తేల్చుకోవడానికి విమానం ఇంకా దగ్గరికి వెళ్లింది. జపాను జీరో ఫైటర్ విమానాలు చుట్టుముట్టాయి. కూలేలోపే వైర్‌లెస్‌లో కబురు పంపారు. తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు. మిగతా ఆరుగురు జపాను చేతికి చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఖైదులో ఉన్నారు. ఆ కబురుతో కొలంబో అప్రమత్తమైంది. మర్నాడు దాడి జరిగేనాటికి రేవులోని ఓడలు చాలావరకు బయటపడ్డాయి.

విశాఖకు అంత ముందస్తు కబురు దక్కలేదు. ఇక్కడ తీరాన్ని కాస్తున్నది ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ వాలంటీర్ రిజర్వ్ 6వ తీర రక్షణ దళం. వారి చేతిలో ఉన్నవి పాతకాలపు బైప్లేన్లు. దూరసముద్రం అంచులు చూసిరావడం వాటి తరం కాదు. ఏప్రిల్ 6న జపాను అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. అప్పుడు పడి పేలని బాంబు ఒకటి బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ కొద్దిరోజుల్లోనే ఒజావా నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచేశాయి. ముందస్తు గాలింపు ఎంత అవసరమో కొలంబో, విశాఖల మధ్య తేడాయే చెబుతుంది.

ఏప్రిల్ 9న అదే స్క్వాడ్రన్‌కు చెందిన రే థామస్ కాటలినా ట్రింకోమలీకి తూర్పున నగూమో దళాన్ని మళ్లీ కనిపెట్టింది. సందేశం మధ్యలోనే ఆగిపోయింది. పైలట్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, మెకానిక్‌లు, ఒక్కరూ మిగల్లేదు. ఆసియా యుద్ధంలో సమాధి అంటూ లేకుండా పోయిన కామన్వెల్త్ సైనికులు, వైమానికులు ఎందరివో పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. అవి 24,000కు పైనే.