ఇంటి తెర, ఇంటి తీర్పు

సినిమా ముగిసిన పిమ్మట ఒక మాటయైనను అనక లేచిపోవువారు మనలో అరుదు. బాగున్నదనియో, బాగులేదనియో, ఆ వేషము మరియొకరు ధరించినచో రక్తికట్టెడిదనియో చెప్పిననే గాని మనసు కుదుటపడదు. ఇట్టి యింటి ముచ్చట్లను పండితులు తేలికగా చూతురు. కాని ఒక యింటిలో ఎవరి మాట చెల్లును, ఎవరు మౌనము వహింపవలెనను సంగతి ఆ ముచ్చట్లయందే తేలిపోవుచున్నది.

రైలు వికారాబాదు దాటి తాండూరు చేరునప్పటికి తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును చెవికి సోకును. 1956 వరకు తాండూరు గుల్బర్గా జిల్లాలోని తాలూకా. ఆ చెంత పల్లెలో బంధువుల యింట ఇటీవల రెండు రాత్రులు పాత చిత్రములు చూచితిమి. నాపరాళ్లు పరచిన వసారాలో గోడకు టెలివిజను; కుర్చీలలో పెద్దలు, చాపలపై పిల్లలు, గడప చెంత ఆ యింటి పొలముపని చేయు వృద్ధుడు.

మొదటి రాత్రి 1957 నాటి "మాయాబజారు." ఘటోత్కచుడు విందారగించునపుడు ఇల్లంతయు నవ్వినది. ఆ నవ్వుల నడుమ ఏడేండ్ల బాలిక యొకతె "పాండవులేరీ?" అని యడిగినది. మేము తెల్లబోయితిమి. అభిమన్యుని పెండ్లికథలో అభిమన్యుని తండ్రియే కానరాడు! కె.వి.రెడ్డిగారు పాండవులను తెరపైకి రానీయకయే కథ నడిపిరి. పదిమారులు చూచిన పెద్దలకు తట్టని ప్రశ్న, తొలిసారి చూచిన పిల్లకు తట్టినది.

మాట యనుటకు ముందు చూచుట యుండవలెను గదా. ఆ భాగ్యమును అందరికి ఎల్లప్పుడు లేకుండెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు "రైతుబిడ్డ" నిర్మించిరి. బళ్లారి రాఘవగారు అందు ముఖ్యపాత్రధారి. చల్లపల్లి జమీందారు అండగల సారథీ సంస్థ తీసిన చిత్రమే యైనను, అది ఇతర జమీందారుల ఆగ్రహమునకు గురియైనది, కొన్నిచోట్ల నిషేధింపబడినది. ఎవరి కష్టము తెరకెక్కెనో ఆ రైతుకే అది చూచి మంచిచెడ్డ లెంచు అవకాశము లేకపోయెను. పెద్దల తీర్పే తుదితీర్పు.

1977లో హైదరాబాదునకు దూరదర్శన్ వచ్చినది. పల్లెలలో టెలివిజనున్న ఇండ్లు ఒకటి రెండు మాత్రమే గనుక ఊరంతయు ఆ వాకిట చేరెడిది. కూలివారును సినిమా చూచిరి. కాని వారి నవ్వు వినబడినంతగా వారి మాట వినబడలేదు.

ఈ మాట రెండవ రాత్రి నాకు గట్టిగా తట్టినది. ఆ రాత్రి చూచినది 1980లో విడుదలయైన "మా భూమి." మూలము కృష్ణచందర్‌గారి ఉర్దూ నవల; దర్శకుడు వంగీయుడైన గౌతమ్ ఘోష్; కథ మాత్రము తెలంగాణ రైతుది. వెట్టియు, దొరల దౌర్జన్యమును, సాయుధపోరాటమును అందు గలవు. చిత్రము ముగిసినది. ఇంటి యజమాని ఏమియు అనలేదు. అప్పుడు గడప చెంతనుండి వృద్ధుడు మెల్లగా అనెను: "మా తాత జెప్పిన దాంట్ల సగం గూడ సూపలే, పటేలా."

వసారా నిశ్శబ్దమయ్యెను. పూర్వమైనచో ఆ మాటకు ప్రతిఫలము వేరుగా నుండెడిది. కొంతసేపటికి యజమాని "మిగతా సగం నువ్వు చెప్పు" అనెను. పిల్లలు చాపలు గడపవైపు జరుపుకొనిరి. ఆ సంభాషణ సినిమాకంటె దీర్ఘమైనది.

నేడు ఏ చిత్రమైనను చేతిలోని ఫోనునందే చూడవచ్చును. నిషేధించు జమీందారు లేడు. వాకిట నిలువవలసిన అగత్యము లేదు. అయినను ఒకే యింటిలో నలుగురు నాలుగు మూలల చెవులు మూసికొని నాలుగు చిత్రములు చూచుచున్నారు. మాట్లాడు స్వేచ్ఛ వచ్చిన వేళకు వినువారు కరవైరి. ఆ రాత్రి యజమాని ఫోను చూచుకొనుచున్నచో, వృద్ధుడు తన తాత మాటను తనలోనే దాచుకొని యింటికి పోయెడివాడు.

కావున గృహస్థులకు మా మనవి యొక్కటే. వారమున కొక రాత్రియైనను ఒక పాత చిత్రమును ఇంటిల్లిపాదియు కలిసి చూడుడు. పనివారిని వాకిట నిలుపక లోనికి పిలువుడు. చిత్రము ముగిసిన పిదప ఇంటి పెద్ద తన తీర్పును చివరకు చెప్పవలెను. ముందుగా చాపపై నున్నవారు, గడప చెంత నున్నవారు మాటాడవలెను.