మాంసపు ధర - రెండు పార్టీల వాదములు

ఆహార పదార్థముల ధరలు పెరిగినప్పుడెల్ల గృహస్థులు అడుగు ప్రశ్న ఒక్కటే: ఎక్కువగా చెల్లించిన ఈ సొమ్ము ఎవరికి చేరుచున్నది? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న నూరేండ్లకు పైగా మాంసపు వ్యాపారమును వెన్నాడుచున్నది. పశుమాంసము అచ్చటి సామాన్య కుటుంబముల భోజనములో ముఖ్యభాగము. కావున దాని ధర పెరిగినప్పుడు డెమొక్రాట్లు, రిపబ్లికన్లు ఒకరిపై నొకరు నింద మోపుకొనుట పరిపాటి. వారి వాదములలో ఏది ఎప్పుడు నిజమగునో శ్రోతలకు వివరింప దలచితిమి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఈ వ్యాపారముపై ప్రభుత్వ నియంత్రణము రెండు విధములు. మొదటిది శుభ్రతకు సంబంధించినది. చికాగో కబేళాల దుస్థితిని అప్టన్ సింక్లేర్ తన నవల ‘ది జంగిల్’లో బయటపెట్టగా దేశమంతట అలజడి పుట్టెను. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మాంసపు తనిఖీ చట్టముపై సంతకము చేసెను. తనిఖీ ఖర్చు కంపెనీలు భరింపవలెనా, ప్రభుత్వము భరింపవలెనా యని ఆనాడే తగవు వచ్చెను. తుదకు కాంగ్రెసు ఆ భారమును ఖజానాపై ఉంచెను. రెండవది బేరములో న్యాయమునకు సంబంధించినది. ఐదు పెద్ద కంపెనీలు మార్కెట్టును శాసించుచున్నవని ఫెడరల్ ట్రేడ్ కమిషను విచారించి తేల్చిన పిదప, 1921లో మరియొక చట్టము వచ్చెను. కంపెనీలు కుమ్మక్కై పశుపోషకులను మోసగింపరాదనుట దాని సారాంశము. నేటి ధరల వివాదము ముఖ్యముగా ఈ రెండవ నియంత్రణమును గూర్చినదే.

ధరల వలన ప్రభుత్వములకు గలుగు చిక్కు కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మటను గరిష్ఠ ధరలు అమలులో నుండగా, పశుపోషకులు మందలను అమ్మక నిలుపుకొనిరి. మాంసపు దుకాణములు ఖాళీ అయ్యెను. డెమొక్రాటిక్ అధ్యక్షుడు ట్రూమన్ 1946 అక్టోబరు 14న మాంసముపై ఆంక్షలు ఎత్తివేసెను. అయినను మరుసటి నెల ఎన్నికలలో ఆయన పార్టీ కాంగ్రెసు ఉభయ సభలలోను ఓడిపోయెను. రిపబ్లికన్ అధ్యక్షుడైన నిక్సన్ సైతము 1973 మార్చిలో మాంసమునకు గరిష్ఠ ధర విధింపక తప్పలేదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. పశువుల మందకును, దుకాణములోని మాంసమునకును నడుమ కబేళా ఒక ఇరుకు ద్వారము వంటిది. ధాన్యమునకు మిల్లు ఎట్టిదో పశువునకు కబేళా అట్టిది. 1977లో మేపి బలిపించిన పశువులలో సుమారు నాలుగవ వంతు నాలుగు పెద్ద కంపెనీల చేతిలో ఉండెను. 1990ల ఆరంభమునకే అది నూటికి 70 దాటెను; ఇటీవలి కాలమున సుమారు 85. ఈ ద్వారము మరింత ఇరుకైనచో ఏమగునో 2019 ఆగస్టులో కనబడినది. కాన్సస్ రాష్ట్రమున హోల్కంబ్ అను చోట ఒక పెద్ద కర్మాగారము అగ్నిప్రమాదమునకు గురియయ్యెను. దేశములోని పశువధ సామర్థ్యములో అది సుమారు నూటికి 6 వంతులు. వెంటనే వెలుపల పశువులు నిలిచిపోయి వాని ధర తగ్గెను. లోపల మాంసము కొరతపడి దాని ధర పెరిగెను. రైతు నష్టపోయెను, కొనువాడును నష్టపోయెను. నడుమ అంతరము మాత్రము విస్తరించెను. 2020 వసంతమున కోవిడ్ వలన అనేక కర్మాగారములు ఆగినప్పుడు ఇదే పెద్ద ఎత్తున జరిగెను.

దీనిని చూపియే డెమొక్రాట్లు గుత్తాధిపత్యమును నిందించిరి. అధ్యక్షుడు బైడెన్ 2021 జులైలో పోటీని పెంపొందించు ఉత్తరువు జారీచేసి, 2022 జనవరిలో చిన్న కర్మాగారముల అభివృద్ధికి వంద కోట్ల డాలర్ల పథకమును ప్రకటించెను. కంపెనీలును, పలువురు రిపబ్లికన్లును ఇట్లు బదులు చెప్పిరి: నాలుగు కంపెనీల ఆధిక్యము పాతికేండ్లుగా ఉన్నదే; ధరలు ఇప్పుడే ఎగసినవి; కావున కారణము కూలీల కొరత, ప్రభుత్వము విరివిగా వెదజల్లిన ధనము. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయితే ద్వారములు కొద్దిగా నున్నప్పుడు ఒక్కటి మూతపడినను దెబ్బ గట్టిగా తగులుననుటయు నిజమే.

తరువాత పరిస్థితి తారుమారయ్యెను. అనావృష్టివలన మేత కరవై పోషకులు మందలను తగ్గించుకొనిరి. 2025 జనవరి 1 నాటికి దేశమున పశువులు 8 కోట్ల 67 లక్షలు. 1951 తరువాత ఇంత తక్కువ లేదు. ఈసారి పశువు ధరయు, మాంసము ధరయు రెండును పెరిగెను. పశుమాంసములో కంపెనీలకు నష్టము వచ్చెను. నెబ్రాస్కాలోని లెక్సింగ్టన్ కర్మాగారమును మూసివేయుదుమని 2025 నవంబరులో టైసన్ కంపెనీ ప్రకటించెను. ఆ ఊరిలో సుమారు 3,200 మంది జీవనము దానిపై ఆధారపడియుండెను. అదే నెలలో రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ మాంసపు కంపెనీలపై విచారణ జరుపుమని న్యాయశాఖను ఆదేశించెను. పోటీని గూర్చిన బైడెన్ ఉత్తరువును ఆయన అంతకు మూడు నెలల ముందే రద్దుచేసియుండెను.

కావున నిందను పంచుటకు ముందు రెండు ధరలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను: రైతుకు ముట్టిన ధర, దుకాణములో మనము చెల్లించు ధర. మొదటిది తగ్గి రెండవది పెరిగినచో లోపము నడిమి ద్వారములో నుండవచ్చును. అచ్చట పోటీ చట్టములకు పని గలదు. రెండును కలిసి పెరిగినచో ముఖ్య కారణము కొరతయే యనుకొనవచ్చును. మంద వృద్ధి పొందుటకు పెయ్యలను కబేళాకు పంపక నిలుపుకొనవలెను. కనుక ముందు మాంసము ఇంకను తగ్గి, ఏండ్లు గడచిన పిమ్మటగాని హెచ్చదు. ఎన్నికల గడువునకు అది లోబడదు. ఏ పార్టీ గెలిచినను దూడ తల్లి గర్భమున తొమ్మిది నెలలు ఉండవలసినదే.