చెడిన బొమ్మ చెప్పే పాఠం

మా మనుమరాలికి తొమ్మిదేండ్లు. గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం చెరువుగట్టు బొమ్మ వేస్తూ, ఆకాశానికి పూసిన నీలం ఆరకమునుపే చెట్టుకొమ్మకని ఆకుపచ్చలో ముంచిన కుంచెను కాగితానికి ఆనించింది. రంగు కొమ్మ దగ్గర ఆగలేదు. ఆకాశంలోకి ప్రాకిపోయి, ఆరిన పిదప కాలీఫ్లవరు అంచువంటి మరకగా మిగిలింది. “తాతయ్యా, పాడైపోయింది” అని పిల్ల కాగితం నలిపివేసింది. “ఉన్న నాలుగు కాగితాలూ దండుగ చేశావు” అని వాళ్ల అమ్మ లోపలినుండి కేకవేసింది. తరువాత పదిహేను దినాలు ఆ పిల్ల రంగులపెట్టె ముట్టుకోలేదు. పాడైనది ఒక్క కాగితం; పోబోయినది బొమ్మలు వేయాలన్న కోరిక. అందుచేతనే ఈ విషయం నాలుగు మాటలు ముచ్చటించదలచాను.

తైలవర్ణాలతో వేసేవాడు తప్పుచేస్తే దానిపై మరొక పూత పూసి కప్పిపుచ్చుకొనగలడు. నీటిరంగులకు ఆ సదుపాయం చాలా తక్కువ. ఈ రంగులు పారదర్శకములు. బొమ్మలోని వెలుగంతా క్రిందనున్న కాగితపు తెలుపునుండి వచ్చేదే. ఒకసారి ఆ తెలుపు మాసిందా, తిరిగి పూర్తిగా తెచ్చుకొనడం దుర్లభం. పైగా రంగును మోసుకొనిపోయేది నీరు. అది పల్లమెరుగును గాని మన అభిప్రాయ మెరుగదు. కాబట్టి ఈ కళలో చెడిన కాగితాలు లేని చిత్రకారుడు ఉండడు. ఆ చెడిన కాగితాన్ని ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న.

మా మనుమరాలి మరకనే తీసుకొందాము. అది ఎట్లా ఏర్పడింది? సగం ఆరిన పూతమీదికి అంతకంటె ఎక్కువ తడిగల కుంచె వచ్చింది. ఎక్కువనీరు తక్కువనీరున్న చోటికి ప్రవహిస్తూ, అక్కడ ఇంకా స్థిరపడని రంగురేణువులను ముందుకు నెట్టుకొనిపోయింది. ప్రవాహం ఆగిన చోట రేణువులు గట్టుకట్టినవి. కాఫీచుక్క బల్లపై ఆరినప్పుడు నడుమ పలుచగా, అంచున చిక్కగా వలయం ఏర్పడడం మనమందరం చూచినదే. అది దీనికి దగ్గరి చుట్టం. చుక్క అంచు బల్లను అంటిపెట్టుకొని కదలదు. అక్కడ నీరు త్వరగా ఆవిరియవుతుంది. ఆ లోటు తీర్చడానికి నడుమనుండి నీరు అంచుకు పారుతూ రేణువులను వెంటతీసుకొనిపోతుంది. ఇంటింటా కనబడే ఈ వలయానికి చికాగోలోని శాస్త్రజ్ఞులు ఈ సమాధానం ప్రకటించినది 1997 లో మాత్రమే. పిల్లలు పాడుచేసిన కాగితంలో పెద్దల ప్రయోగశాలకు చాలిన ప్రశ్న ఉన్నదన్నమాట.

ఇటువంటి చిత్రాలు మరికొన్ని ఉన్నవి. తడిపూతపై ఉప్పురవ్వలు చల్లితే అవి చుట్టునున్న నీటిని పీల్చుకొని నక్షత్రాలవంటి లేతమచ్చలు మిగుల్చుతవి. అల్ట్రామెరీన్ నీలం గరుకు కాగితపు గుంటలలోకి దిగి ఇసుకచల్లినట్లు కనబడుతుంది. ఇవి నునుపైన ఆకాశం కావలసినవానికి దోషాలు. రాతిగోడ కావలసినవానికి వరాలు. దోషమా, గుణమా అన్నది రంగులో లేదు. దానిని ఎక్కడ వాడుకొన్నామన్న దానిలో ఉన్నది.

ఈ సంగతి పెద్దలు ముందే గ్రహించారు. పదునెనిమిదవ శతాబ్దంలో అలెగ్జాండర్ కోజెన్స్ అనే ఆంగ్లచిత్రకారుడు, కాగితంపై సిరామరకలు స్వేచ్ఛగా వేసి, వాటిలో కొండలనూ చెట్లనూ వెదకి చిత్రం కల్పించే పద్ధతిని శిష్యులకు నేర్పి, దానిపై ఒక గ్రంథమే ప్రకటించాడు. సమకాలికులు కొందరు ఆయనను మరకల పంతులని పరిహసించారు. 1851 లో టర్నర్ మరణించిన తరువాత ఆయన చిత్రశాలనుండి జాతికి సంక్రమించినవాటిలో, రెండుమూడు రంగులు పారించి విడిచిన కాగితాలు వందలకొలది ఉన్నవి. ఆయన వాటిని ప్రదర్శనకు పెట్టినవాడు కాడు, పారవేసినవాడూ కాడు.

మన దేశపు ఉదాహరణలూ లేకపోలేదు. 1903 ప్రాంతంలో జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చినప్పుడు, వారు తడికుంచెతో కాగితాన్ని తడపడం అవనీంద్రనాథ ఠాకూరు గమనించాడు. ఆయన ఒక అడుగు ముందుకువేసి, రంగు పూసిన కాగితాన్నే నీటిలో ముంచితీసి, మళ్లీ పూయసాగాడు. బొమ్మను నీటిలో ముంచడం మామూలుగా దానిని చెరుపుకొనడమే గదా! ఆ సాహసంనుండి మంచుతెరవంటి ‘వాష్’ పద్ధతి రూపొందింది. ఆ సంప్రదాయాన్ని ప్రమోదకుమార చటర్జీ బందరులోని ఆంధ్రజాతీయ కళాశాలకు తెచ్చాడు. మన అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు. ఇక రవీంద్రనాథ ఠాకూరు వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ పోగా, వాటిలోనుండి పక్షులూ వింతజంతువులూ తలయెత్తినవి. ఆ కొట్టివేతల ఆట ముదిరి, 1930 లో పారిసు నగరంలో చిత్రప్రదర్శన వరకు సాగింది.

అయితే చెడినదంతా మంచిదే అని నా ఉద్దేశం కాదు. చాలా మరకలు ఉత్త మరకలే. కోజెన్స్ మరకనుండి చిత్రం పుట్టడానికి చూచే కన్ను కావలె; టర్నర్ కాగితాల వెనుక ఏండ్లకొలది సాధన ఉన్నది. తప్పు తనంతట తాను ఏమీ నేర్పదు. అడిగితేనే చెబుతుంది.

అడగడానికి కొన్ని సులభమార్గాలున్నవి. చెడిన బొమ్మను ఆ పూట చూడవద్దు. ఒక రాత్రి గడవనివ్వండి. మనం వేయదలచినది మనసులోనుండి కొంత చెరిగిన పిదప, నిజంగా కాగితంపై ఉన్నది కనబడుతుంది. అట్టముక్కలో చిన్న కిటికీ కోసి దానిపై జరిపిచూస్తే, పాడైన బొమ్మలో కూడా అరచేయంత బాగున్నచోటు ఒకటి తరచు దొరుకుతుంది. ఏ రంగు, ఎంత నీరు, ఎంతసేపు ఆరినది అన్నవి వెనుకవైపున వ్రాసిపెట్టండి. అప్పుడు నేటి పొరపాటు రేపటికి పనిముట్టు అవుతుంది. వెనుకవైపు ఖాళీగా ఉంటే మరొక ప్రయోగానికి వాడుకోవచ్చును. అప్పుడు ఇల్లాలు దండుగ అనడానికి వీలుండదు.

మా మనుమరాలి సంగతి చెప్పి ముగిస్తాను. నలిపిన కాగితాన్ని నేను విప్పి పుస్తకాలక్రింద అణచి ఉంచాను. పదిహేనవనాడు దానిని తిప్పి ముందుపెట్టి, “ఈ వైపు పాడుచేయడానికే, ఎన్ని విధాల పాడుచేయగలవో చూపు” అన్నాను. మొదట నవ్వింది. తరువాత వంటింటినుండి ఉప్పు తెచ్చింది. వాళ్ల అమ్మే వచ్చి, “ఇది ఇట్లా ఎందుకు ప్రాకిందే?” అని ప్రక్కన కూర్చున్నది. సాయంకాలానికి పదకొండు మచ్చలు తయారైనవి. ఒక్కొక్కదానిక్రింద వంకరటింకర అక్షరాలతో దాని పుట్టుపూర్వోత్తరాలున్నవి.

చెరువుగట్టు బొమ్మ ఇప్పటికీ సరిగా కుదరలేదు. కాని మొన్న ఆకాశం మళ్లీ ప్రాకినప్పుడు కాగితం నలపలేదు. వెనుకకు త్రిప్పి, “ఆకాశం ఆరలేదు, నేను ఆగలేదు” అని వ్రాసుకొన్నది.