స్త్రీలు - కొండదారి పరుగు

"ఏమి వదినా, తెల్లారకముందే కొండకా? ఏమన్నా మొక్కుబడి వుండాదా?" అని మా పొరుగింటి ముత్తైదువ మమ్ము నడిగెను. లేదంటిమి. "మొక్కుబడి లేకపోతే ఎందుకమ్మా పరిగెత్తేది?" అని ఆమె మరల నడిగినపుడు మాకు చప్పున బదులు తోచలేదు.

మన సీమలో స్త్రీ కొండ యెక్కుట వింత గాదు. పుంగనూరి చేరువనున్న బోయకొండ గంగమ్మకు మ్రొక్కుకొన్నవారు చంకను బిడ్డ నెత్తుకొనియైనను మెట్లెక్కుచున్నారు. తిరుమలకు పోవు అలిపిరి దారిలో మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కు ఇల్లాండ్రను చూడనివారుండరు. ఆ మెట్లు 3,550. మోకాళ్లు నొచ్చునని గాని, ఇంట వంట యెవరు చేయుదురని గాని ఆనాడు ఎవరును అడుగరు. దేవుని పేరు చెప్పక, ఒంటికి మంచిదనియు, మనసునకు హాయి యనియు చెప్పి పదిమంది ఆడువారు కూడి కొండదారిని పరుగెత్తి వత్తుమన్నచో మాత్రము అత్తగారు మొదలు పాలు పోయువాని వరకు అందరికిని సందేహములే. ఆ సందేహములలో కొన్ని నిజముగా ఆలోచింపదగినవి. వానిని గూర్చియు, మేము చేసిన యొక తప్పును గూర్చియు మా సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొండదారిని గుంపుగా పరుగెత్తుట ఐర్లండు దేశమున చక్కని వాడుకగా నున్నది. డబ్లిను నగరమునకు దక్షిణమున విక్లో కొండలు గలవు. వేసవి బుధవారములలో, పనులు ముగించుకొని వచ్చిన స్త్రీపురుషులు సాయంకాలమున ఆ కొండలమీద పరుగెత్తుదురు. ఆ దేశమున నడివేసవిని రాత్రి పది గంటలు కావచ్చు వరకు వెలుతురుండును గనుక వారికది చెల్లును. ఈ పరుగులను నడపువారు జీతగాండ్రు గారు. నేడు పరుగెత్తినవారు మరియొకనాడు పరుగు మాని, దారి చీలిన చోట నిలువబడి ఇటు పొమ్మని చేయి చూపుదురు. పొదలకు రంగుపట్టీలు కట్టి గురుతు పెట్టుదురు. పరుగు ముగిసిన పిమ్మట వానిని విప్పి తెచ్చెదరు. ఎందరు బయలుదేరిరో వ్రాసికొని, అందరును దిగిరని లెక్క సరిపోయిన పిదపనే ఇండ్లకు పోవుదురు. మ్రొక్కుబడి కొండయు వారికి లేకపోలేదు. క్రో పాట్రిక్ అను కొండను ఏటేటను జూలై నెల కడపటి ఆదివారమునాడు వేలకొలది జనులు ఎక్కుదురు; వట్టికాళ్లతో నెక్కువారును కలరు.

ఎక్కడి ఐర్లండు, ఎక్కడి మదనపల్లె యని నవ్వకుడు. ఈ రెంటికిని పాత చుట్టరికము కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు ఇచటి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి "జనగణమన"ను ఆంగ్లమున వ్రాసినపుడు, ఆ పాటకు స్వరము వ్రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆడుపడుచే. 1878లో బాయిల్ అను చిన్న ఊర పుట్టి, తన దేశమున స్త్రీల వోటు కొరకు పోరాడి చెరసాలకు బోయి, 1915లో భర్తతో కూడ మన దేశమునకు వచ్చినది. 1927లో అఖిలభారత మహిళాసభను నెలకొల్పినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆమె కొండ లెక్కెనని మేము చెప్పబోము. ఆడువారు నలుగురు కూడి ఒక పని తలపెట్టుట ఈ ఊరికి క్రొత్త గాదని మాత్రమే మా మాట.

కొండల మాటకు వత్తము. ఐర్లండులోకెల్ల ఎత్తైన కారన్‌టూహిల్ శిఖరము 1,038 మీటర్లు. మన హార్సిలీ కొండ రమారమి 1,265 మీటర్లు! అయినను గర్వింపనక్కరలేదు, మదనపల్లెయే ఏడువందల మీటర్ల యెత్తున కూర్చున్నది గనుక సగమునకు పైబడి మనకు ఊరక వచ్చిన యెత్తే. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర 1870 ప్రాంతముల ఇచట వేసవి విడిది కట్టుకొనుటచే ఆ పేరు వచ్చినది. అంతకుముందు దీనిని ఏనుగు మల్లమ్మ కొండ యనెడివారు. మల్లమ్మ యను స్త్రీ ఏనుగుల తోడున ఈ కొండమీద బ్రతుకుచు, రోగులకు మందిచ్చుచు, తుద కొకనాడు కానరాక పోయెనని కథ. ఆమెకు గుడి కలదు. మదనపల్లెనుండి కొండమీదికి ముప్పది కిలోమీటర్లకు దగ్గరగా నుండును. మోటారుబండ్లు పోవు ఘాటురోడ్డున్నది. నీలగిరి చెట్ల నీడ, గాలిబండ మీది గాలి అనుభవించినవారికే తెలియును. ఈ ప్రాంతపు పొడిగాలి మంచిదనియే కదా 1915లో ఊరి వెలుపల ఆరోగ్యవరమున క్షయరోగుల ఆస్పత్రిని నెలకొల్పిరి.

ఇక మా తప్పు. ఒక మార్గశిరమాసపు ఉదయమున మేము తొమ్మండుగురము ఘాటురోడ్డు సగమువరకు బండిలో పోయి, అక్కడనుండి పరుగును నడకయు కలిపి పైకి సాగితిమి. మాలో ఇద్దరు కాలేజీ పిల్లలు. ఒకామె ఏబదియేండ్లు దాటిన పిన్నమ్మ. తక్కినవారు మావంటి సంసారులు. మంచు దట్టముగా నుండెను. పిల్లలు లేళ్లవలె ముందు పోయిరి. వారి నందుకొనవలెనని మేమును పోయితిమి. ఒక మలుపు కడ రోడ్డు విడిచి అడ్డదారి పట్టితిమి. పైకి చేరి, ఆయాసము తీర్చుకొని, బొరుగుల మూట విప్పునపుడు లెక్కించితిమి. ఎనమండుగురమే యుంటిమి.

పిన్నమ్మ చెప్పువారు తెగినదట. కూర్చుండి ముడివేసికొని లేచునప్పటికి మా మాటలు వినరాలేదు. పశువులు పోవు బాటను మా బాటయని తలచి ఆమె పోయినది. సెల్‌ఫోను మ్రోగలేదు, అచట సందేశమందదు. మేము పిలిచిన పిలుపులు మంచులో కలిసిపోయెను. గంటయు పావు గడచిన పిమ్మట ఒక మేకలకాపరి ఆమెను వెంటబెట్టుకొని రోడ్డుమీదికి తెచ్చెను. "మీ మనిషిని ఇడిసిపెట్టి పోతిరే!" యని అతడు మమ్మనిన మాట నేటికిని చెవిలో నున్నది.

పిన్నమ్మ మమ్ము కోపగింపలేదు. ఎలుగుబంటికిని ఆమె భయపడలేదట. "ఇంట్లో చెప్పొద్దండి, ఇంక నన్ను పంపరు" అనినది. చెప్పకుండ ఎట్లుండగలము? చెప్పితిమి. తొమ్మండుగురిలో ముగ్గురికి ఆ నెల ఇండ్లలో సెలవు దొరకలేదు; వారిలో ఒకామె మరల రానేలేదు. పురుషుల గుంపులో ఒకడు దారి తప్పినచో అది వేడుక కథ యగును. మన గుంపులో ఒకతె తప్పినచో తొమ్మిది యిండ్ల తలుపులు మూతపడును. ఇది న్యాయమా కాదా యని వాదింపవచ్చును. కాని నడపువారు దీని నెరిగియే నడపవలెను.

ఆ పిమ్మట మేము పద్ధతి మార్చుకొంటిమి. ఐర్లండువారి రీతిని ముందొకతె, వెనుకనొకతె నియమింపబడిరి. ముందుమనిషి దారి యెరిగినది. వెనుకమనిషి ఎంత యాలస్యమైనను కడపటి యామెను దాటి పోరాదు. వెనుకమనిషి మిక్కిలి బలము గలదిగా నుండవలెను. ఏలన ఎవరి కాలు బెణికినను మోయవలసినది ఆమెయే. మేము మొదట బలహీనురాలిని వెనుక నుంచితిమి; అది తెలివితక్కువ. దారి చీలిన ప్రతిచోటను ముందువారు నిలిచి, అందరును చేరి లెక్క సరిపోయిన తరువాతనే కదలుదురు. పిల్లలకు మొదట ఇది విసుగు పుట్టించెను. ఇప్పుడు నిలిచిన చోట చిగురుకొమ్మలు చూచుచు, కబుర్లు చెప్పుకొనుచు నుందురు. పన్నిద్దరికి మించి ఒక గుంపున చేర్చము. వారము ముందుగా ఇద్దరు పోయి దారి చూచి వత్తురు. ఎన్ని గంటలకు ఎంత దూరమున నున్నను వెనుదిరుగవలెనో బయలుదేరకముందే నిశ్చయింతుము. ఆ గంటను శిఖరము కంటికెదుట నున్నను మార్చము. పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు వ్రాసిన కాగితము ఒకటి ముందుమనిషి కడను, ఒకటి ఊరిలోను ఉండును.

ప్రతివారి మెడలో ఈల యుండును. ఆపదలో నిముసమునకు ఆరుమారు లూదుట, బదులుగా మూడుమారు లూదుట పెక్కు పర్వతదేశములలో చెల్లు సంకేతము. మంచులో గొంతు పోని దూరము ఈల పోవును. ఫోను అందినచో 112. ఆ సంఖ్య మనకును ఐర్లండువారికిని ఒకటే యగుట చిత్రము. పాము కరచినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట మానవలెను. కాలు కదపనీయక, నడపక, మోసికొని విషమునకు మందున్న ఆస్పత్రికి చేర్చవలెను. ఐర్లండున పాములే లేవు. ఈ యొక్క విషయమున వారిని చూచి అసూయ పడుదుము.

కాలము మాట ముఖ్యమైనది. కార్తికమునుండి మాఘమువరకు మా కొండలు హాయిగా నుండును. మాఘము దాటినచో గడ్డి యెండి, ఒక బీడీముక్కకే అంటుకొనును. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి, గుంపుగా నడచుటకు పోయినవారిలో ఇరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో పలువురు పట్టణములనుండి వచ్చిన పడుచుస్త్రీలు. అది చదివినపుడు మేము చాలదినములు కొండవైపు చూడలేకపోతిమి. వారు ధైర్యము లేనివారు గారు; కాలము తగినది గాదు. కావున ఎండలు ముదిరిన పిమ్మట మేము అడవిబాటల పోము, ఘాటురోడ్డు విడువము. అడవిబాట పట్టవలెనన్నచో ఏ నెలనైనను అటవీశాఖవారి నడిగియే పోవుదుము. అడిగినందున గౌరవము తగ్గదు, మీదుమిక్కిలి తోడు దొరకును. 2023లో అలిపిరి దారిలో చిరుతపులి పసిపిల్లను పొట్టన బెట్టుకొన్న పిమ్మట, దేవస్థానమువారే యాత్రికులకు చేతికఱ్ఱ లిచ్చి గుంపులుగా పంపిరి గదా.

మన రాష్ట్రమున స్త్రీలలో సగముమందికి పైగా రక్తము తక్కువవారే. మెట్లెక్కునపుడు కండ్లు తిరుగు నామె మొదట డాక్టరుకు చూపించుకొని రక్తపరీక్ష చేయించుకొనవలెను. రెండు నెలలు ఊరి చెరువుకట్టమీద వడిగా నడచిన పిమ్మట కొండ మాట. నడక, పరుగు, మరల నడక, ఇదియే ఎక్కుదారికి తగిన రీతి. ఎక్కునపుడు నడచినచో నామోషి లేదు. ఐర్లండు వీరులును నిటారు చోట చేతులు తొడలపై నానించి నడచువారే. దిగునపుడు పెద్ద అంగలు వేసిన మోకాలికి చెరుపు. చీర గోచిపోసి కట్టినను సరే, సల్వారు తొడిగినను సరే, చెప్పులు మాత్రము తగవు; అడుగున పట్టుగల బూట్లు వలయును. పిన్నమ్మ మాకు నేర్పిన పాఠమది. గంటకు అరలీటరుకు తక్కువ గాకుండ నీరు. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఒక సీసా వేరుగా నుంచుదుము. తినుటకు చెనిక్కాయలు, బెల్లము చాలును. బయలుదేరుటకు గంట ముందు ఒక చెంబు రాగి అంబలి త్రాగినవారికి మధ్యాహ్నమువరకు నీరసము రాదు. కొనుక్కొన్న బిస్కత్తులు దాని ముందు దిగదుడుపు.

పుంగనూరివారు తమ యూరిలో కొండపరుగు కుదురునా యని అడుగుచుందురు. పొట్టి యావులకు పేరుపొందిన ఆ సీమలో చెరువుకట్టలును, చేలగట్లును, చిన్నగుట్టలును కావలసినన్ని యున్నవి. మొదలుపెట్టువారికి హార్సిలీకంటె అవియే మేలు. కుప్పమువారి సంగతి వేరు. మూడు రాష్ట్రములు కలియు ఆ మూల, పలమనేరు కుప్పము అడవులలో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యమున ఏనుగు లున్నవి. 1980 తరువాత తమిళనాడు దిక్కునుండి వచ్చి ఇచట నిలిచినవవి. కందకములు త్రవ్వినను, విద్యుత్తు కంచెలు వేసినను పైరు మీదికి దిగుచునే యున్నవి. వానిని తరుముటకు 2025లో కర్ణాటకము మనకు కుంకీ యేనుగుల నిచ్చినది. ఏనుగులు తెల్లవారుజామునను మునిమాపునను తిరుగును. మన పరుగునకు చల్లనివేళయు అదే. కావున కుప్పముననున్న మా ఆడుపడుచు, ఆమె చెలులు ఆరుగురు అడవి యంచున పరుగెత్తరు. ప్రొద్దు బారెడెక్కిన పిమ్మట ఊరిదాపునగల మట్టిదారిని పోయి వత్తురు. పోవునపుడు పాలకు వచ్చు రైతులను "రాత్రి యెక్కడన్నా దిగినాయా అన్నా?" యని విచారింతురు. దిగినవన్న దినమున బూట్లు విప్పి, ఇంటి వరండాలోనే దిగి యెక్కి అరగంట సాధన చేయుదురట.

పిన్నమ్మ మాతోడనే యున్నది. మావారిలో వెనుకమనిషి నిప్పుడామె గుర్తుపట్టి పిలుచును. చెప్పువారు తెగు నలవాటు పోయినది గాని, మలుపు వచ్చినపుడెల్ల ఆగి వెనుకకు తిరిగి చూచు అలవాటు పోలేదు. పొరుగింటి ముత్తైదువ మొన్న మరల నడిగినది, కాని ప్రశ్న మారినది: "నా కాళ్లకి ఏ నంబరు బూట్లు పడతాయో చూసి చెప్తావా?" సంత రోజున ఆమెను బజారునకు తీసికొనిపోవలెను.